సీరియల్ జంటకు నిలబడే ముద్దుపేరు ఎట్ల పెట్టాలె

కొత్త సీరియల్ షురువైన వారంల హీరో హీరోయిన్ ఇంక ఒకల మొఖం ఒకలు సక్కగ చూస్కోకముందే ఫ్యాన్స్ పేజీలల్ల జంటపేర్లు పుట్టుకొస్తయి, పది పుట్టినయనుకోండ్రి, అండ్ల తొమ్మిది నెల తిరిగేసరికి ఎవ్వలికీ యాదికుండవు, ఒక్కటి మాత్రం నిలవడ్తది. ఆ ఒక్కటి ఎందుకు నిలవడ్తది, మిగతాయి ఎటువోతయి అనేది నాకు మస్తు ఇష్టమైన ముచ్చట, చానా ఏండ్లసంది సీరియల్స్ చూస్తున్న, పేజీలు ఫాలో అయితున్న, అందుకే కొత్తగ ఎడిట్లు, అంటే సీన్లు కత్తిరించి పాట పెట్టే చిన్న వీడియోలు, చేసే పిల్లలకు, పేజీ పెడ్దామనుకునేటోళ్లకు పనికొస్తదని ఇదంత రాస్తున్న. రెండు పేర్లు కత్తిరించి అతికిస్తే జంటపేరు అయితది అనుకుంటరు చానామంది. అతికించుడు ఆఖరి పని. అసలు మనం పేర్లు ఎందుకు పెడ్తమో తెలిస్తేనే ఎట్ల పెట్టాల్నో తెలుస్తది.

మన దిక్కు ఊర్లు చూడుండ్రి. వరంగల్, జనగామ, ములుగు, భూపాలపల్లి ఎటు పోయినా సమ్మయ్యలు, సారయ్యలు, కొమురయ్యలు, ఐలయ్యలు ఎంతమంది ఉంటరో. మేడారం సమ్మక్క సారక్కకు మొక్కుకుంటే ఆ పేరు, కొమురెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, ఐలోని మల్లన్నకు మొక్కితే ఐలయ్య, మొక్కిన్రంటే పెట్టాల్సిందే. ఇగ ఒక్క వాడకట్టుల నలుగురు సమ్మయ్యలుంటే ఎవలను పిలుస్తున్నరో ఎట్ల తెల్వాలె? అందుకే కిరాణం సమ్మన్న, పొడుగు సమ్మన్న, లారీ సమ్మన్న, బొంబాయి పోయొచ్చినాయన బొంబాయి సమ్మన్న. ఎవలు పెట్టిన్రో తెల్వది, పెండ్లి కార్డు మీద ఉండది, ఆధార్ కార్డుల ఉండది, గని ఊరంత గదే పిలుస్తది.

సీరియల్స్‌కు సుత గదే కథ. స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీ అన్నిట్ల కలిపి ఎన్ని సీరియల్స్ నడుస్తయి, అన్నిట్ల పేర్లు ఇంచుమించు ఒక్క తీరుగనే ఉంటయి, దీప అంటే ఏ దీప, కార్తీక్ అంటే ఏ కార్తీక్ అని అడగాల్సి వస్తది. అందుకని చూసేటోళ్లు ఒక గుర్తు పెట్టుకుంటరు. ఇది మొదటి కారణం, చిన్నది.

పెద్ద కారణం వేరే ఉంది. మెట్‌పల్లిల మా చిన్నమ్మ వాళ్ల వాడకట్టుల పొద్దూకినంక ఆడోళ్లు నలుగురైదుగురు ఒక్క అర్రల కూసోని బీడీలు చేస్తరు, ఒళ్లె చాట, చాటల కత్తిరించిన తునికాకు, పక్కకు తంబాకు, చేతులు చుడ్తనే ఉంటయి దారం కడ్తనే ఉంటయి, కండ్లు మాత్రం టీవీ మీదనే. కార్తీకదీపం నడిచిన రోజులల్ల ఏడున్నరకు ఆ అర్రల దీప అనే పేరు గాని, ఆమె మొగడు డాక్టర్ కార్తీక్ పేరు గాని ఎవ్వల నోట్లె వినవడకపోయేది. "అగో చెల్లే, వంటలక్క ఇల్లిడిసి పోతున్నది చూడవే" అని ఒకామె అంటే, "పోనియ్యి అక్కా, ఆ డాక్టర్ బాబుకు బుద్ధి రావాలె" అని ఇంకొకామె. చేతులల్ల బీడీ ఆగదు. అక్క అన్నరంటే అక్కడనే ఆమె దిక్కు నిలవడ్డట్టు. డాక్టర్ బాబు అంటే గౌరవం ఉంటది గని జర దూరం పెట్టినట్టు ఉంటది, మనోడే గని మన మాట ఇననోడు అన్నట్టు. అంటే ఆ రెండు పేర్లల్లనే ఎవలది తప్పో ఎవలది ఒప్పో తీర్పు చెప్పిన్రు, మల్ల ఇద్దరినీ ఇడవలేదు. చూసేటోళ్లు పట్టుకునే పేరంటే అది, మనం ఆ మనిషికి ఏమైతమో చెప్పేది.

గంగవ్వను చూడుండ్రి, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2020ల బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు పోయింది, ఆమెను ఒట్టి గంగ అని ఎవలైన అంటరా? పట్నంల పుట్టి పెరిగిన పిల్లలు సుత గంగవ్వనే అంటరు. వరుస కలిపిన పేరుకు ఉన్న బలం గట్లాంటిది.

మూడో కారణం ఈ కాలంది, ఫోన్‌ది. ఒక్క పేరు ఉంటే దానితోని వెతుకుతరు, ట్యాగ్ పెడ్తరు, మనలాంటోళ్లు ఎక్కడున్నరో దొరుకుతరు. ఇది మన దగ్గరనే పుట్టింది కాదు. అమెరికాల స్టార్ ట్రెక్ ఫ్యాన్స్ 1970లల్లనే ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపి నడుమ గీత పెట్టి కథలు రాసుకునేటోళ్లు, 1990లల్ల ఎక్స్ ఫైల్స్ చూసేటోళ్లు ఇద్దరు ఏజెంట్లు ఒక్కటి కావాలె అని కోరుకునేటోళ్లను షిప్పర్స్ అన్నరు, ఇప్పుడు మన పిల్లలు ఫలానా జంటను ‘షిప్ చేస్తున్నం’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. 2000ల తర్వాత సినిమా జంటలకు పేపర్లోళ్లు కలిపి పేర్లు పెట్టుడు షురువు చేసిన్రు, బెన్ అఫ్లెక్, జెన్నిఫర్ లోపెజ్‌ను బెన్నిఫర్ అని, బ్రాడ్ పిట్, ఏంజెలినా జోలీని బ్రాంజెలినా అని. మన దగ్గరికి ఎక్కువ హిందీ సీరియల్స్ దిక్కు నుంచి వచ్చింది, 2011ల వచ్చిన ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూ అనేదాంట్ల అర్ణవ్, ఖుషీ కలిపి అర్షి, అదే సీరియల్ మా టీవీ ఛానల్ల చూపులు కలిసిన శుభవేళ అని డబ్ అయి వస్తే మన దగ్గర సుత అర్షి ఫ్యాన్స్ తయారైన్రు.

ఇగ పనిలకు పోదాం.

ముందుగాల ఎపిసోడ్లు చూడుండ్రి, పేరు ఆలోచించకుండ్రి. కనీసం ఓ ఇరవై ఎపిసోడ్లన్న పోనియ్యాలె. చూసేటప్పుడు ఫోన్ల ఒక నోట్ తెరిచి ఒక్కటే రాసుకోండ్రి, ఈ కథల ఎవలు ఎవలను ఏమని పిలుస్తున్నరు. అమ్మ ఏమని పిలుస్తది, అత్త ఏమని పిలుస్తది, కోపంల ఏమంటడు, పది మందిల ఏమంటడు, ఇద్దరే ఉన్నప్పుడు ఏమంటడు. తెలుగు సీరియల్స్‌ల సగం ముద్దుపేర్లు ఈ నోట్లనే దొరుకుతయి, మనం కొత్తగ పుట్టియ్యాల్సిన పనే ఉండది. వంటలక్క, డాక్టర్ బాబు రెండూ ఫ్యాన్స్ పుట్టిచ్చినయి కావు, కథల వాళ్లిద్దరు ఒకలనొకలు పిలుచుకున్న పిలుపులే, జనం పట్టుకున్నరు. బ్రహ్మముడిల రాజ్ తన భార్య కావ్యను కళావతి అని పిలుస్తడు, కోపమొచ్చినా కళావతే, దగ్గరికి తీసుకున్నా కళావతే, ఇప్పుడు కావ్యగ చేసిన దీపికా రంగరాజు ఎక్కడ కనవడ్డా కళావతి అనే అంటరు. గుప్పెడంత మనసుల రిషి కాలేజీ ఎండీ, వసుధార అండ్ల చదువుకునే పిల్ల, ఆమె నోట్లె సర్ తప్ప వేరే మాట రాకపోయేది, అందుకే రిషిగ చేసిన ముఖేష్ గౌడ ఫ్యాన్స్‌కు ఆయన ఇప్పటికీ రిషి సర్. ఒక్క రిషి అంటే ఏదో తక్కువైనట్టు ఉంటది.

ఈ పిలుపులు ఎందుకు అంత గట్టిగ పట్టుకుంటయంటే రోజు చెవిల పడ్తయి. వారానికి ఐదారు ఎపిసోడ్లు, ఎపిసోడ్‌కు నాలుగైదు సార్లు అదే పిలుపు, ఏండ్లకేండ్లు. కార్తీకదీపం 2017 అక్టోబర్ల మొదలై 2023 జనవరిదాక నడిచింది, అంటే ఐదేండ్లకు పైన. మనం ఎంత తెలివిగ పేరు పుట్టిచ్చినా గంత ప్రచారం మనతోని కాదు. అందుకని కథల మంచి పిలుపు ఉన్నదంటే దానికే జైకొట్టుండ్రి, దానిమీద ఇంకోటి పెట్టకుండ్రి.

రెండోది, సీరియల్ టైటిల్ చూడుండ్రి. ఇది చానామంది చూడరు. తెలుగు టైటిల్స్‌ల రాసినోళ్లు ముందే జంటపేరు దాచిపెడ్తరు. కార్తీక్, దీప, కలిపితే కార్తీకదీపం, అంటే జంటపేరు రోజు టీవీ తెర మీద పెద్దక్షరాలల్ల వస్తనే ఉండె. ఇగ కార్‌దీప, దీప్‌కార్ అసొంటియి ఎవలైన తయారు చేసినా ఎవలు పలుకుతరు? టైటిల్ ముందే కలిపి పెట్టింది కాబట్టే జనం కలిపే పని ఇడిసిపెట్టి పిలుపుల దిక్కు పోయిన్రని నా లెక్క. అట్లనే హిందీ నుంచి డబ్ అయి వచ్చిన చిన్నారి పెళ్లికూతురు ఉంది, టైటిలే ఆనందికి పేరైపోయింది, చిన్న ఆనందిగ చేసిన అవికా గోర్ తర్వాత తెలుగు సినిమాలల్ల హీరోయిన్ అయినంక సుత మా అమ్మమ్మ ఆమెను చిన్నారి పెళ్లికూతురనే అంటది.

పిలుపుల దొరకలేదు, టైటిల్‌ల దొరకలేదు అంటే అప్పుడు అతికించుడు. ఇక్కడ జర నింపాదిగ చెప్తా, ఎందుకంటే ఎక్కువ పేర్లు ఆగమైతయి ఇక్కడనే.

అన్నిటికంటే ముందు, పేర్లను తెలుగుల రాసుకోండ్రి. మనం ఫోన్ల ఇంగ్లీష్ అక్షరాలతోని టైప్ చేస్తం కాబట్టి అక్షరం అక్షరం కత్తిరిస్తం, అప్పుడు తెర మీద బాగనే కనవడ్తది నోట్లె మాత్రం తిరగది. తెలుగు పేరును అక్షరాలుగ విడగొట్టాలె, రి, షి. వ, సు, ధా, ర. ఇప్పుడు ఎక్కడ కోస్తె పానం పోదో చూడాలె. వసు అని మొదలు తీసుకుంటె వసురిషి అయితది, చెడ్డగేం లేదు గని మునుల పేరు లెక్క వినవడ్తది, హీరోయిన్ కనవడది. ఎన్క సగం తీసుకుంటె ధార, ధార అంటే ఒక్కటే యాదికొస్తది, ఆగకుండ పారేది. రిషిధార. నాలుగు అక్షరాలు, ఎక్కడా తట్టుకోదు, విన్నంక ఆ పేరుకు సొంతంగ ఒక అర్థం ఉన్నట్టు అనిపిస్తది, వినంగనే అది జంట అని తెలుస్తది. గుప్పెడంత మనసు 2020 డిసెంబర్ల మొదలై 2024 ఆగస్టుల అయిపోయింది, రిషిధార ఎడిట్లు ఇప్పటికీ వస్తనే ఉన్నయి. నా లెక్కల తెలుగు సీరియల్ జంటపేర్లల్ల దీన్ని మించింది లేదు.

పక్కపొంటి ఇంకోటి చూద్దాం, రాజ్, కావ్య. ఇంగ్లీష్ల కత్తిరిస్తె రావ్య వస్తది. ముద్దుగనే ఉంది, గని రావ్య అంటె ఒక్క అమ్మాయి పేరు లెక్కనే ఉంటది, రాజ్ అండ్ల మాయమైపోయిండు. కావ్యరాజ్ అంటె ఒక్క అబ్బాయి పేరు. రెండు పేర్లూ పూర్తిగ ఉన్నా జంట కనవడ్తలేదు. అందుకే అసొంటి చోట అతికించుడు మానుకొని కళావతి దిక్కు పోవుడు మంచిది, కళావతి అన్నంక అట్ల పిలిచేటోడు ఎవడో చెప్పాల్సిన పని లేదు, రాజ్ ఆ పిలుపులనే ఉన్నడు.

ఎవల పేరు ముందు పెట్టాలె అని పేజీలల్ల కొట్లాటలు అయితయి. మన పాత జంటలను చూస్తె జవాబు దొరుకుతది. లక్ష్మీనారాయణ, పార్వతీపరమేశ్వరులు, నలదమయంతులు, శివపార్వతులు, సావిత్రీసత్యవంతులు. అన్నిట్ల పొట్టి పేరు ముందు, పొడుగు పేరు ఎన్క. శివుని పక్కన పార్వతి ఎన్కకు వచ్చింది, పరమేశ్వరుని పక్కన ముందుకు వచ్చింది, మనుషులు అదే ఇద్దరు, మారింది పేరు పొడుగే. రెండూ సమానం ఉంటే ఆడామె పేరే ముందు, సీతారాములు, రాధాకృష్ణులు. రుక్మిణీకృష్ణులు అసొంటియి ఉంటయి, రుక్మిణి పేరు పొడుగైనా ముందే ఉంటది, అంటే ఆడామె పేరుతోని మొదలువెడ్తె తప్పేం లేదు. మన చెవి చిన్నప్పటిసంది ఈ పేర్లకు అలవాటు పడ్డది కాబట్టి కొత్త జంటపేరు సుత ఈ తీరుగ ఉంటె తొందరగ పడ్తది. రిషి రెండు, వసుధార నాలుగు, రిషి ముందు, లెక్క సరిపోయింది.

ఎన్ని అక్షరాలు? నాలుగు దాటకపోతె మంచిది. రెండు మూడైతె ఇంక మంచిది, అర్షి రెండే అక్షరాలు. కొరియన్ సీరియల్స్ చూసే పిల్లలకు బిన్‌జిన్ ఎరుకనే, హ్యున్ బిన్, సన్ యే జిన్, ఇద్దరి పేర్లల్ల ఆఖరిది తీసుకొని కలిపిన్రు, తర్వాత వాళ్లిద్దరు 2022 మార్చిల నిజంగనే పెండ్లి చేస్కున్నరు. కొరియా పేర్లు చిన్న చిన్న తునకలుగ ఉంటయి కాబట్టి వాళ్లకు ఇది అల్కగ అయితది. మనకు ఇంకో తీరు లాభం ఉంది, మన పేర్లు చానావరకు అచ్చుతోని అయిపోతయి, దీప, కావ్య, రిషి, వసుధార, అందుకే ఒకదాని ఎన్క ఇంకోటి పెడ్తె గుంజినట్టు ఉండది, సాఫీగ పోతది. రాజ్, కార్తీక్ లాంటి పేర్లు హల్లుతోని ఆగిపోతయి, అవి ముందు పెడ్తె నడుమ ఒక అ చేర్చుండ్రి, కార్తీక్ కార్తీక అయినట్టు. లేకుంటె ఆఖరికి పెట్టుండ్రి.

ఇగ పరీక్షలు. పేరు తయారైనంక రెండు పరీక్షలు పెట్టుండ్రి, రెండూ నోటితోనే. ఒకటి, మన మాటలల్ల పేరు ఊరికే ఉండది, దానికి కు, తోని, ది, ల, అన్నీ తలుగుతయి. రిషిధారకు ఏమైంది, రిషిధారతోని ఎవలు సరితూగుతరు, రిషిధారది మొన్నటి సీన్, రిషిధారల నాకు నచ్చింది. ఇన్ని తగిలిచ్చినా పేరు పలుగలేదు, అదే మంచి పేరు. రెండోది, వంటింట్లకెళ్లి బయట అర్రల ఉన్నోళ్లకు ఒర్రి చెప్పుండ్రి, ఫలానోళ్ల సీన్ వస్తుంది తొందరగ రా అని. కుక్కర్ విజిల్ నడుమ సుత అర్థమైతె పాస్. ఎడిట్ల కింద రాసుకోవడానికి బాగుండే పేర్లు చానా ఉంటయి, గని సీరియల్ అనేది ఇంట్ల పది మంది కూసోని చూసేది, ఇంట్ల పలకని పేరు వాడకట్టుకు పోదు.

ఇంకో జాగ్రత్త, కలిపినంక ఏమన్న పాడు మాట వస్తుందా చూడాలె, తెలుగులనే కాదు ఉర్దూల హిందీల సుత. హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడింట్ల ఉర్దూ మాట్లాడేటోళ్లు మస్తుమంది ఉన్నరు, ఒక్కసారి దోస్తును అడుగుతె పోయేదేం లేదు.

ఒక్కల పేరు, జంట కాదు, ఒక్క పాత్రకే పెట్టాలంటె పద్ధతి వేరే. మన ఊరి పేర్ల తీరే పనికొస్తది, చేసే పని, పిలిచే వరుస, చేతుల ఎప్పుడూ ఉండే వస్తువు, ఎప్పుడూ అనే మాట. వంటలక్కల పని ఉంది, వరుస ఉంది, రెండూ ఒక్క పేరుల ఉన్నయి కాబట్టే అంత దూరం పోయింది. పోలీసులకు, పెద్ద ఆఫీసర్లకు, బిజినెస్ వాళ్లకు పొడి అక్షరాలు బాగ నప్పుతయి. మొగలిరేకులుల ఆర్‌కే నాయుడు యాదున్నడా, జెమినిల 2008ల మొదలైంది, ఆ ఆర్‌కే అనే రెండక్షరాలు చేసిన సాగర్‌కు అంటుకొని ఇప్పటికీ ఆర్‌కే సాగర్ అనే అంటరు. అర్ణవ్ సింగ్ రాయిజాదాను ఏఎస్ఆర్ అన్నది సుత గందుకే, అక్షరాలల్ల ఒక బిగువు ఉంటది, నవ్వని మనిషికి సరిగ్గ సరిపోతది. పిల్లలకు, ముసలోళ్లకు అక్షరాల పేర్లు పెట్టకుండ్రి, అతకవు.

విలన్లకు పెట్టేటప్పుడు చేసిన పనిని బట్టి పెట్టుండ్రి. ఎప్పుడూ తలుపు ఎన్క నిలవడి ఇనే అత్త ఉంటది ప్రతి సీరియల్‌ల, ఆమె తలుపత్త. ఎవలకు ఫోన్ వచ్చినా గుంజుకొని ఎత్తే తోటికోడలు ఉంటది, ఆమె ఫోనక్క. ఇసొంటియి పుట్టిన రోజే పాకుతయి, ఎందుకంటె వినంగనే ఆమె పని కండ్లముందట కనవడ్తది. రంగు మీద, లావు మీద, కులం మీద, ఊరి మీద పేరు పెట్టకుండ్రి. ఇది నేను ఊకె మర్యాదకు చెప్తలేను. కార్తీకదీపం మొత్తం కథ లేచిందే దీప రంగు తక్కువ అని చేసే అవమానం మీద. ఆ అవమానం చూసి ఏడ్చినోళ్లమే ఇంకో సీరియల్‌ల ఇంకో పాత్రకు రంగు మీద పేరు పెడ్తె, ఆ దీపకు జరిగింది మనకు ఏం అర్థమైనట్టు? చూసే పిల్లలల్ల ఆ రంగు, ఆ ఒడ్డు పొడుగు ఉన్నోళ్లు ఉంటరు, స్కూల్ల తెల్లారి అదే పేరు వాళ్లకు తలుగుతది.

పేరు దొరికింది, ఇప్పుడు బయటికి ఎట్ల ఇడవాలె. ముందు వెతుకుండ్రి, అదే పేరు వేరే సీరియల్ ఫ్యాన్స్ వాడుతున్నరా, ఎవరి పిల్లల పేరో, ఏ షాపు పేరో అయిందా. తర్వాత ఇంగ్లీష్ అక్షరాలల్ల ఎట్ల రాయాల్నో ఒక్కటే ఖాయం చేస్కోండ్రి, ధ కు హెచ్ పెడ్తరా పెట్టరా, దీర్ఘానికి రెండు ‘a’లు రాస్తరా ఒక్కటేనా. ఇది చిన్నగ కనవడ్తది గని ఇక్కడ తేడా వస్తె మీ ఎడిట్లు ఒక దిక్కు, పక్కోళ్ల ఎడిట్లు ఒక దిక్కు పోతయి, ఒకలకొకలు దొరకరు. తెలుగు ట్యాగ్ ఒకటి, ఇంగ్లీష్ ట్యాగ్ ఒకటి, అంతకంటె ఎక్కువ వద్దు. మొదటి ఎడిట్ మంచి సీన్ వచ్చిన రాత్రే పెట్టుండ్రి, తెల్లారి దాక ఆగితె ఊపు పోతది. ఇదే మా పేరు అందరు వాడాలె అని మాత్రం రాయకుండ్రి, మీరు వాడుకుంట పోండ్రి, కామెంట్లల్ల జవాబు ఇచ్చేటప్పుడు అదే పేరుతోని మాట్లాడుండ్రి, మీకు తెల్వనోళ్లు వాడుడు షురువైందంటె పడ్డట్టే. ఫ్యాన్స్ గుంపుకు పేరు పెట్టుడు వేరే ముచ్చట, 2018ల బిగ్‌బాస్ రెండో సీజన్‌ల కౌశల్ ఆర్మీ అన్నరు, అది గెలిపియ్యాలె అని లేచిన గుంపు పేరు. జంటపేరు గెలిపిచ్చెటందుకు కాదు, దాన్ని ఓట్ల పేరు చేస్తె సీజన్‌తోనే అయిపోతది.

బిగ్‌బాస్ ముచ్చట వచ్చింది కాబట్టి ఇది సుత చెప్తా, ఎందుకంటె నాకు దీనిమీద గట్టి పట్టుదల ఉంది. సీరియల్‌ల రిషి, వసుధార పాత్రలు. వాళ్లను మనం ఎట్ల కలుపుకున్నా ఎవల ఇంట్ల పంచాయితి కాదు. రియాలిటీ షోల ఉన్నోళ్లు మనుషులు. హిందీ బిగ్‌బాస్ పదమూడో సీజన్‌ల సిద్ధార్థ్ శుక్లా, షెహనాజ్ గిల్‌ను కలిపి సిడ్‌నాజ్ అన్నరు, దేశమంత పాకింది ఆ పేరు, 2021 సెప్టెంబర్ల సిద్ధార్థ్ చనిపోయిండు. ఆయన పోయినంక సుత ఆ అమ్మాయి ఏ ఫోటో పెట్టినా కింద అదే పేరు రాసేటోళ్లు ఉన్నరు. ప్రేమతోనే రాస్తరు, ఒప్పుకుంట, గని ఆమె పక్కన నిలవడి ఆలోచించుండ్రి. అందుకే నా మాట ఏందంటె జంటపేరు పాత్రలకే పెట్టుండ్రి, చేసినోళ్లకు వద్దు. వాళ్లకు పెండ్లయి ఉంటది, పిల్లలుంటరు, వాళ్లింటోళ్లు సుత ఫోన్ చూస్తరు. వాళ్ల సొంత ఫోటోల కింద జంటపేరు ట్యాగ్ పెట్టకుండ్రి, సీన్ల ఎడిట్లకు పెట్టుకోండ్రి. విలన్ పేరు సుత అంతే, కార్తీకదీపంల మోనిత అనే విలన్‌గ చేసిన శోభా శెట్టి 2023ల బిగ్‌బాస్ ఏడో సీజన్‌కు వచ్చింది మోనితగ కాదు, తన సొంత పేరుతోని వచ్చింది, అప్పుడు సుత మోనిత చేసిన పాపాలన్ని ఆమె లెక్కల రాసుడు న్యాయం కాదు.

ఇగ ఒక్కటి మిగిలింది, కథ మారినప్పుడు పేరును ఏం చెయ్యాలె. సీరియల్‌ల ట్రాక్ మారుతది, జంట విడిపోతది, హీరో చేసేటోడు పోయి వేరే ఆయన వస్తడు, ఇయన్ని అయితయి. విడిపోతె పేరు తీసెయ్యకుండ్రి, ఇంక ఎక్కువ వాడుండ్రి, అప్పుడే చూసేటోళ్లకు ఆ పేరు అవసరం. చేసేటోళ్లు మారితె పేరు పాత్రది కాబట్టి అట్లనే ఉంచొచ్చు, కొన్ని రోజులు జనం ఒప్పుకోరు, తర్వాత అలవాటైతది లేకుంటె పాతోళ్ల ఎడిట్లకే ఆ పేరు మిగులుతది, రెండూ సరే. కొత్త కథ వస్తె ఆగుండ్రి. 2024 మార్చిల కార్తీకదీపం రెండోది నవ వసంతం అని మొదలైంది, వాళ్లే ప్రేమి విశ్వనాథ్, నిరుపమ్ పరిటాల, పేర్లు సుత దీప, కార్తీకే, కథ మాత్రం వేరే, ఇండ్ల కార్తీక్ డాక్టర్ కాదు. అయినా మెట్‌పల్లిల ఆ అర్రల ఆయన డాక్టర్ బాబే. కొత్త పేరు పెట్టాలని ఎవలకు తోచలేదు, పెట్టాల్సిన పని సుత లేదు. అసొంటప్పుడు పాత ట్యాగ్‌నే ఉంచి పక్కకు ఒక రెండు అంకె చేర్చుండ్రి, వెతికేటోళ్లకు రెండు కథలూ దొరుకుతయి.